మొదటిసారికి మెప్పించని స్పీకరు

మన ఇళ్లలో హాలు మూలల్లో నిలబడి ఉండే పెద్ద స్పీకర్లను చూసినప్పుడల్లా ఒక సందేహం తొలుస్తుంది. చాలాచోట్ల వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ పరిచి ఉంటుంది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ, పక్కన పిల్లల స్కూలు ఫొటో. ముందువైపు నల్లబట్ట మీద సన్నటి దుమ్ము పొర. వెనక వైర్లు చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి. ఈలోగా ఆ ఇంట్లో టీవీ మారింది, ఫ్రిజ్ మారింది, సోఫాలు మారాయి. అవన్నీ పాడయ్యో పాతబడో మారాయి. స్పీకర్లు మాత్రం పాడవలేదు. అడిగితే "బానే ఉన్నాయండీ, పెట్టడమే మానేశాం" అంటారు. పోనీ పాట మీద మమకారం తగ్గిందా అంటే అదీ లేదు. అదే ఇంటాయన రాత్రి పడుకోబోయే ముందు ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టి ఘంటసాల పాట పెట్టుకుంటాడు. వేలకు వేలు పోసి కొన్న పెట్టెలు పక్కగదిలో ఊరికే ఉంటాయి. ఇది బద్ధకమేనా? రెండు స్విచ్చులు వెయ్యడానికి ఎవరికీ అంత బద్ధకం ఉండదు. వినాలన్న కోరికా ఉంది, వినిపించే వస్తువూ ఉంది. రెంటికీ మధ్య ఎక్కడో తెగింది. ఎక్కడ తెగిందన్నదే ప్రశ్న.

నాకు తోస్తున్న జవాబు ఇది. ఏ గుణం చూసి మురిసిపోయి ఆ స్పీకర్లను కొన్నారో, ఆ గుణమే కొన్నాళ్లకు వాటిని మూలన కూర్చోబెట్టింది. షాపులో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. వరసగా పేర్చిన పెట్టెల ముందు నిలబెడతారు. ఒక పాట పెడతారు, ఆ పాట కూడా వాళ్లే ఎంచుకుంటారు. స్విచ్ నొక్కుతూ దీన్నుంచి దానికి, దాన్నుంచి ఇంకోదానికి మారుస్తారు. ఒక్కో స్పీకరు దగ్గర అరనిమిషం. ఆ అరనిమిషంలో చెవిని పట్టుకునేవి రెండే: గుండెకు తగిలే బాసు, తాళాల్లా గలగలమనే ట్రెబుల్. పైగా మన చెవికి ఒక బలహీనత ఉంది. రెండు శబ్దాల్లో ఒకటి ఒక డెసిబెల్ ఎక్కువగా ఉన్నా దాన్ని 'ఎక్కువ సౌండు' అని గుర్తించదు, 'ఎక్కువ స్పష్టం' అని పొరబడుతుంది. బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ప్రచురించిన రేఖాచిత్రాలు ఇంకో సంగతి చెబుతాయి. శబ్దం తగ్గేకొద్దీ చెవి కింది స్వరాలను, బాగా పై స్వరాలను మధ్యస్వరాల కంటే వేగంగా వదిలేస్తుంది. అంటే షాపులో గట్టిగా పెట్టినప్పుడు నిండుగా ఉన్న స్పీకరు, ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి పక్కవాళ్లకు వినపడకుండా పెట్టినప్పుడు అంత నిండుగా ఉండదు. బాసు సన్నగిల్లుతుంది. దాన్ని సరిచేద్దామని సౌండు పెంచితే ట్రెబుల్ చురుక్కుమంటుంది. వినేవాడికి కారణం తెలియకపోవచ్చు, కానీ చెయ్యి మాత్రం వాల్యూము నాబ్ మీదనే ఉంటుంది. అలా పదే పదే తగ్గించి, పెంచి, చివరికి కట్టేస్తాడు.

అసలు స్పీకరుకు సొంత గొంతు ఉండటమంటే ఏమిటి? మృదంగం దగ్గరికి వెళదాం, ఎందుకంటే ఈ లోపాన్ని అంత స్పష్టంగా బయటపెట్టే వాద్యం మనకు మరొకటి లేదు. ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వ ముద్ద అద్ది మందంగా పలికిస్తారు. విద్వాంసుడు చేతి మణికట్టును చర్మం మీద జరుపుతూ గుంకీ వాయించినప్పుడు ఆ నాదం కింద నుంచి పైకి జారుతుంది. మోగే ఒక్క దెబ్బలోనే స్వరం కదులుతుందన్నమాట. ఇప్పుడు దీన్ని బాసు కోసమే శ్రుతి చేసిన పెట్టెలో వినండి. ఆ పెట్టెకు వెనకో ముందో ఒక గొట్టం ఉంటుంది. అది ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా మోగేలా అమర్చి ఉంటుంది. అమరిక చక్కగా ఉంటే ఇబ్బంది లేదు. అతిగా ఉంటే మాత్రం గుంకీ ఎక్కడ మొదలై ఎటు జారినా, వచ్చే మోత పెట్టె శ్రుతిలోనే వస్తుంది. దెబ్బ ఆగాక కూడా కాసేపు మోగుతుంది. మృదంగమూ అదే మోత, తబలా డగ్గా అదే మోత, సినిమా పాటలో బేస్ గిటారూ అదే మోత. మొదటిరోజు "అబ్బ, ఏం బాసు" అనిపించినది ఇదే. వందో పాటకు వచ్చేసరికి చెవి దాన్ని కనిపెట్టేస్తుంది. ఆ తర్వాత పాటలు వేరైనా వినేది ఒక్కటే అవుతుంది. విసుగు అక్కడ పుడుతుంది. స్పీకరు పాడవకుండానే పాతబడటం అంటే ఇదే.

కాబట్టి ఏళ్ల తరబడి ఉంచుకోదగిన స్పీకరు కావాలంటే, దానిదంటూ ఒక గొంతు లేనిదాన్ని వెతకాలి. ఇది నా ఊహ మాత్రమే అయితే చెప్పేవాణ్ణి కాదు. ఇలాంటి స్పీకరు తప్పనిసరి అవసరమైన మనుషులు ఒకప్పుడు ఉన్నారు. బీబీసీ ఇంజినీర్లు రోజంతా వినాలి. మైకు సరిగా పెట్టారా, గాయకుడి గొంతులో గరుకు ఉన్నది గొంతులోనా లైనులోనా అన్నది తేల్చాలి. స్పీకరే సొంతంగా ఒక రంగు పులిమితే వాళ్లు తీర్చే తీర్పు తప్పవుతుంది, లక్షలమంది తప్పు శబ్దం వింటారు. సర్రీలోని కింగ్స్‌వుడ్ వారెన్ అనే భవనంలో ఉన్న వాళ్ల పరిశోధన విభాగం 1970ల మొదట్లో, బయటి కార్యక్రమాలకు వెళ్లే వ్యానుల్లో పట్టేలా ఒక చిన్న స్పీకరును తయారుచేసింది. పేరు ఎల్ఎస్ 3/5ఏ. ఎత్తు అడుగు, వెడల్పు అందులో సగానికి కాస్త ఎక్కువ. కింది స్వరాలకు కెఫ్ కంపెనీ వూఫరు ఒకటి, పై స్వరాలకు ట్వీటరు ఒకటి. లోపల ఆ రెంటికీ స్వరాలను పంచే క్రాసోవర్ మాత్రం అంత చిన్న పెట్టెలో ఎవరూ ఊహించనంత దట్టంగా, కాయిళ్లతో నిండి ఉంటుంది. పెట్టె తయారీలో ఒక విచిత్రం ఉంది. గట్టిగా, బరువుగా ఉండాలి కదా అని మనం అనుకుంటాం. వాళ్లు పల్చటి బర్చ్ ప్లైవుడ్ తీసుకుని, లోపలివైపు తారు కలిసిన మందపాటి అట్టలు అంటించారు. మందపాటి చెక్క మోగితే మన చెవి బాగా పట్టుకునే మధ్యస్వరాల్లో మోగుతుంది. పల్చటి చెక్క మోత కాస్త కిందికి దిగుతుంది, ఆ దిగిన మోతను తారు అట్ట మింగేస్తుంది. మోతను లేకుండా చెయ్యలేం, వినపడని చోటికి నెట్టగలం అన్న ఆలోచన అది. నాకు ఇందులో ఒక వినయం కనిపిస్తుంది.

వాళ్లు దేనితో పరీక్షించేవారన్నది ఇంకా ముఖ్యం. ఆర్కెస్ట్రాలు విన్నారు, కానీ వాళ్లు నమ్ముకున్న కొలబద్ద మనిషి మాట. స్టూడియోలో ఒకరు మాట్లాడతారు, పక్కగదిలో స్పీకరు ద్వారా అదే మాట వింటారు, తలుపు తీసి అసలు మనిషిని వింటారు. పుట్టినప్పటి నుంచీ మనం అన్నిటికంటే ఎక్కువగా విన్నది మనిషి గొంతునే. సెల్లో ఎలా మోగాలో మనలో చాలామందికి తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట ఎలా ఉండాలో అందరికీ తెలుసు. ఆ విభాగంలో పనిచేసిన స్పెన్సర్ హ్యూజ్ తర్వాత భార్య డొరొతీ పేరు కలిపి స్పెండర్ అని, డడ్లీ హార్వుడ్ భార్య ఎలిజబెత్ పేరు కలిపి హార్బెత్ అని కంపెనీలు పెట్టుకున్నారు. రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ఎల్ఎస్ 3/5ఏ నమూనాను అనుసరించి కొత్తగా తయారుచేసే వాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. యాభై ఏళ్ల నాటి టీవీని గానీ కెమెరాను గానీ ఇలా మళ్లీ తయారుచేసి అమ్మే పరిస్థితి ఉందా?

ఇక్కడ ఆగి, ఎదురు వాదన వినాలి. ఎల్ఎస్ 3/5ఏ నిజంగా ఏ రంగూ లేని స్పీకరేనా? కాదు. అంత చిన్న పెట్టె అసలైన లోతు బాసును పలికించలేదు. ఆ లోటు తెలియకుండా ఉండటానికి పై బాసులో కాస్త ఉబ్బు ఉంచారు. పైగా ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 83 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయే రకం, గట్టిగా మోగమంటే మొరాయిస్తుంది. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ తయారుచేసి, 1957లో క్వాడ్ పేరిట అమ్మకానికి పెట్టిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరుదీ ఇదే కథ. దానికి పెట్టే లేదు. పల్చటి ప్లాస్టిక్ పొర విద్యుత్ క్షేత్రంలో కదులుతుంది, అంతే. గాత్రాన్ని అంత సహజంగా పలికించిన స్పీకరు అంతకుముందు లేదని ఎందరో అన్నారు. కానీ లోతు బాసు తక్కువ, సౌండు పెంచితే ప్రమాదం, కూర్చునే చోటు కాస్త అటూ ఇటూ అయితే రుచి మారుతుంది. అయినా 1985 దాకా తయారుచేస్తూనే ఉన్నారు. మరి ఈ లోపాలున్న వాటిని జనం దశాబ్దాల పాటు ఎలా భరించారు? నేను చూసినంతలో తేడా ఇక్కడుంది: వాటి లోపాల్లో ఎక్కువ భాగం చెప్పకుండా వదిలేసే రకం, లేనిది కల్పించే రకం కాదు. లేని బాసు లేదని చెవి రెండు రోజుల్లో ఒప్పుకుంటుంది. లేని బాసును ఉన్నట్టు పదే పదే మోగిస్తే చెవి ఎన్నేళ్లకూ ఒప్పుకోదు. అయితే ఒక ఉదాహరణ నా వాదనకు పూర్తిగా ఒదగదని చెప్పాలి. పాల్ క్లిప్ష్ అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో 1946 నుంచి తయారుచేసిన మూల-హారన్ స్పీకరు క్లిప్ష్‌హారన్‌కు స్పష్టమైన సొంత గొంతు ఉందని దాని అభిమానులే ఒప్పుకుంటారు. అయినా దాన్ని తండ్రి నుంచి కొడుకు తీసుకుని వింటున్న ఇళ్లున్నాయి. దాని బలం వేరే చోట ఉంది. చాలా తక్కువ విద్యుత్తుతో, నాదం వికృతం కాకుండా, పెద్ద శబ్దాన్ని అలవోకగా ఇస్తుంది. శ్రమ పడని గొంతు కూడా విసిగించదని దాని నుంచి నేర్చుకున్నాను.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైనది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. చెవి మాత్రం దీనికి మినహాయింపా? ఒకడికి బాసు ఇష్టం, ఒకడికి వీణ తంతి మీద గోరు తగిలే చప్పుడు ఇష్టం. అందరికీ ఒకే స్పీకరు మంచిదని చెప్పడానికి నువ్వెవరు? చాలాకాలం ఇదే చివరి మాటగా చలామణి అయింది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షకు పెట్టాడు. స్పీకర్లను తెర వెనక పెట్టి, అన్నిటి సౌండు సమానం చేసి, పేరూ ధరా తెలియకుండా వినిపించాడు. 1985, 1986ల్లో ఫలితాలు ప్రచురించాడు. వినికిడి సరిగా ఉన్న మనుషులు ఆశ్చర్యంగా ఒకే తీర్పు ఇచ్చారు. ఎదురుగా కొలిచినప్పుడు అన్ని స్వరాలూ సమంగా, పక్కలకు వెళ్లేకొద్దీ ఒడిదొడుకులు లేకుండా నెమ్మదిగా తగ్గే స్పీకర్లే ఎక్కువమందికి నచ్చాయి. తర్వాత హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ప్రచురించిన ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అదే మనుషులు, అవే స్పీకర్లు. ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్లెదుట. చూస్తూ విన్నప్పుడు మార్కులు మారిపోయాయి. చిన్నగా, చవగ్గా కనిపించిన సెట్టు తెర వెనక బాగానే నిలబడి, కళ్లెదుటికి వచ్చేసరికి కిందికి జారింది. రుచులు వేరని మనం అనుకునే దాంట్లో ఎంత భాగం చెవిది, ఎంత భాగం కంటిది?

కానీ ఈ సాక్ష్యం నా మొదటి మాటను కూడా ప్రశ్నిస్తుంది. మొదటి అభిప్రాయం మోసం చేస్తుందన్నాను. టూల్ మనుషులు విన్నదీ కొద్దిసేపే కదా. నిమిషాల్లో ఇచ్చిన తీర్పులు మళ్లీ మళ్లీ అడిగినా నిలబడ్డాయి. అంటే త్వరగా వినడంలో తప్పు లేదన్నమాట. తప్పు షాపు వినిపించే పద్ధతిలో ఉంది: సౌండు సమానం కాదు, పాట మనది కాదు, ధర చీటీ కళ్లెదుట వేలాడుతుంటుంది. ఈ మూడూ తీసేస్తే చెవి చాలా త్వరగా నిజం చెబుతుంది. దీంతో నా వాదన సడలలేదు, కాస్త చక్కబడింది. మెప్పించడం వేరు, నచ్చడం వేరు. షాపు పద్ధతిలో మెప్పించేవే నెగ్గుతాయి. సమంగా వినిపిస్తే నచ్చేవి నెగ్గుతాయి. అయితే ఈ ప్రయోగాలు పదేళ్ల కాపురాన్ని కొలవలేదు, ఒక మధ్యాహ్నపు ఇష్టాన్ని కొలిచాయి. ఆ రెంటినీ కలిపే వంతెన నా తర్కమే. బీబీసీ స్పీకర్ల దీర్ఘాయువు చూశాక ఆ వంతెన మీద నడవవచ్చనే నమ్ముతున్నాను.

మరి ఎంచుకునేవాడు ఏం వినాలి? తెలుగువాడికి ఒక వరం ఉంది, మన అక్షరాల్లోనే పరీక్ష ఉంది. శ, ష, స మూడూ స్పష్టంగా పలికే మనిషి మాట ఒకటి తీసుకోండి: పాత ఆకాశవాణి వార్తో, ఒక అవధానమో, హరికథో. 'శశి', 'విషం', 'సరసం' వినిపించినప్పుడు ఆ మూడు ఊష్మాలూ మూడుగా వినపడాలి. ట్రెబుల్ పైకెత్తిన స్పీకరులో మూడూ కలిసి ఒకే బుసగా వస్తాయి, శ నాలుక మీద నుంచి కాక ట్వీటరు మీద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మధ్యస్వరాలు లొట్టపోయిన స్పీకరులో 'ళ'కూ 'ల'కూ తేడా పల్చబడుతుంది. పెట్టె మోగే స్పీకరులో మగవాడి గొంతు ఛాతీలోంచి కాక బిందెలోంచి వచ్చినట్టుంటుంది. ఒక్క స్పీకరు మాత్రమే పెట్టి వినండి. రెండూ పెడితే వేదిక విశాలమై, లోపాలు ఆ విశాలంలో దాక్కుంటాయి. ఒంటరి స్పీకరు దగ్గర చెవి మరింత నిక్కచ్చిగా ఉంటుందని టూల్ కూడా గమనించాడు. తర్వాత లేచి గదిలో పక్కకు నడవండి. మాట రంగు మారిపోతే ఆ స్పీకరు పక్కలకు సరిగా వెదజల్లడం లేదు. ఇంట్లో మీరు వినే శబ్దంలో సగానికి పైగా గోడలకు తగిలి వచ్చేదే కాబట్టి అది చిన్న లోపం కాదు. చివరగా సౌండు బాగా తగ్గించి, షాపులో ఫ్యాను వేయించి వినండి. మన ఊళ్లలో ఫ్యాను ఆపి పాట వినేది ఏడాదిలో ఎన్ని నెలలు?

"మేం వినేవి పాత పాటలు, వాటికి ఇంత నాణ్యత ఎందుకు?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1950ల నాటి సినిమా పాటలు మోనో. 78 స్పీడు లక్క రికార్డుల్లో అసలైన లోతు బాసూ లేదు, పై ట్రెబులూ లేదు. ఉన్నదంతా మధ్యలోనే: గొంతు, వయొలిన్, క్లారినెట్, మాటలు. అందుకే అలాంటి పాటలకు నిజాయితీ గల మధ్యస్వరాలు మిగతావాటికంటే ఎక్కువ అవసరం. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పాత రికార్డు ఒకటి వినండి. ట్రెబుల్ ఎత్తిన స్పీకరులో ముందు వినపడేది రికార్డు గీతల చిటపట, దాని వెనక ఎక్కడో వయొలిన్. సమంగా పలికే స్పీకరులో చిటపట తన చోట తానుంటుంది, కమాను తంతిని ఒరుసుకునే పట్టు ముందుకొస్తుంది. అయితే దీనికి చెల్లించాల్సిన ధర ఒకటుంది. ఈమధ్య గీతలు తుడిచేసి, గొంతుకు అనవసరపు ప్రతిధ్వని కలిపి, స్టీరియోగా మార్చి అమ్మిన కూర్పులు చాలా ఉన్నాయి. సమంగా పలికే స్పీకరు ఆ మోసాన్నీ దాచదు. ఇష్టమైన పాట ఒకటి వినలేనిదైపోతుంది. దాన్ని నేను లాభం కిందే రాస్తాను, ఎందుకంటే అదే పాట సరైన ప్రతి కోసం వెతకడం అక్కడే మొదలవుతుంది.

గొంతు బాగుంటే సరిపోదు, ఒళ్లు కూడా నిలవాలి. ఈ విషయంలో మన వాతావరణం దయలేనిది. వూఫరు కోను చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది, కోను ముందుకూ వెనక్కూ కదలడానికి. చాలా కంపెనీలు దాన్ని ఫోముతో చేశాయి. తేమ, వేడి తగిలిన ఫోము పది పదిహేనేళ్లలో చివికిపోతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో అంతకాలం కూడా ఆగకపోవచ్చు. ముందు బట్ట తీసి వేలితో తాకితే ముక్కలు ఎండకు మగ్గిన బెల్లంలా జిగటగా వేలికి అంటుకుంటాయి, మిగతాది పొడిగా రాలుతుంది. బొంబాయి, చెన్నై లాంటి చోట్ల కొత్త అంచు వేసే పనివాళ్లున్నారు, చేయించుకోవచ్చు. కానీ మొదటే రబ్బరు అంచు ఉన్నది తీసుకుంటే ఆ ప్రయాస చాలాకాలం వాయిదా పడుతుంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1958లో తెచ్చిన ఏఆర్-3 వూఫర్లకు గుడ్డ అంచు వేశారు. ఆ తర్వాతి తరానికి ఫోము వేశారు. పాత గుడ్డ అంచులు చాలావరకు ఇంకా ఉన్నాయి, కొత్త ఫోము అంచులు పోయాయి. క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ విలువ మారతాయి, ఫిల్ము రకం నిలుస్తాయి. రెండూ టంకంతో మార్చదగినవే, వూఫరును, ట్వీటరును మరలతో బిగించి ఉంటే. జిగురుతో అంటించేసి ఉంటే పెట్టె పగలగొట్టడమే. పొట్టు చెక్క పెట్టె అడుగున తడి తగిలితే ఉబ్బుతుంది. ఇల్లు కడిగే అలవాటున్న మన ఇళ్లలో స్టాండు అలంకారం కాదు, అవసరం. విడిభాగాలు దొరుకుతాయా అన్నది కొనే ముందే అడగాలి. స్టూడియోల్లో ప్రపంచమంతా వాడిన యమహా ఎన్ఎస్-10 తయారీ 2001లో ఆగిపోయింది. కోనుకు వాడే కాగితపు గుజ్జు దొరక్కపోవడమే కారణం.

ఇక వైరు లేని స్పీకర్ల సంగతి. చాలా సౌకర్యం, కాదనను. కొన్నిటి నాదం కూడా చాలా బాగుంది. కానీ వాటి ఆయుష్షు వాటి చేతిలో లేదు. లోపల బ్యాటరీ ఉంటుంది, అది కొన్నేళ్లకు అలసిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాని ప్రాణం కంపెనీ సర్వర్లో ఉంటుంది. 2020 జనవరిలో సోనోస్ తన పాత మోడళ్లకు ఆ ఏడాది మే తర్వాత అప్‌డేట్లు ఉండవని ప్రకటించినప్పుడు, బాగానే మోగుతున్న స్పీకర్ల యజమానులు గగ్గోలు పెట్టారు. మామూలు స్పీకరు వెనక ఉండేవి రెండే రెండు టెర్మినళ్లు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెలాగ్ 1925లో వర్ణించిన పద్ధతి, అంటే అయస్కాంతపు సందులో తీగచుట్ట, దానికంటిన కాగితపు కోను, ఇవాళ్టి స్పీకర్లలోనూ మూలంగా అదే. వందేళ్లుగా ఏ యాంప్లిఫయరైనా ఆ రెండు తీగలకు తగిలించవచ్చు. "అయితే సాంకేతికత ముందుకు వెళ్లలేదా, పాతదే కొనమంటావా?" అంటే, కాదు. కొలిచే సాధనాలు ఎంతో మెరుగయ్యాయి. ఇవాళ మధ్యతరగతి ధరలో దొరికే మంచి స్పీకరు ఒకప్పటి ఖరీదైన వాటికంటే చాలా విషయాల్లో సమంగా పలుకుతుంది. కొలతల పట్టికలు ప్రచురించే కంపెనీలున్నాయి, స్వతంత్రంగా కొలిచేవాళ్లూ ఉన్నారు. పాత విలువలున్న కొత్త స్పీకరు కొనమంటాను.

పరిమాణం గురించి మాత్రం కచ్చితంగా చెబుతాను, ఎందుకంటే మూలన పడ్డ స్పీకర్లలో చాలా భాగం ఇక్కడే దెబ్బతిన్నాయి. పన్నెండు అడుగుల గదిలో రెండు ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర గాలి తనంతట తాను నిలబడి ఊగుతుంది. అదే స్వరం స్పీకరు నుంచి వస్తే గది దాన్ని మరింత పెంచి, మూలల్లో కూడబెడుతుంది. మనవేమో సిమెంటు గోడలు, సిమెంటు స్లాబు, కింద టైల్స్. శబ్దాన్ని తాగేది ఏదీ లేదు. అలాంటి గదిలో మనిషి నడుమెత్తు టవరు స్పీకర్లను మూలలకు నెట్టి పెడితే ఎంత ఖరీదైనవైనా గుమ్ముమంటాయి. అదే గదిలో మూలలకు దూరంగా, గోడకు అడుగున్నర రెండడుగులు ముందుకు, ట్వీటరు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టిన చిన్న స్పీకర్లు హాయిగా పలుకుతాయి. అంత చోటు మన హాళ్లలో ఎక్కడుందంటారా? నిజమే, అందుకే చిన్నవి అంటున్నాను. మిగిలిన డబ్బుతో మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు, ఒక నిండు పుస్తకాల బీరువా. బడ్జెట్టు తక్కువైతే పాతవి కొనడం కూడా మంచి దారే, అంచులు రబ్బరువైతే, వాటిలో మనిషి మాట పెట్టి విన్నాకైతే.

ఒక అభ్యంతరం మిగిలింది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసినదీ అదే. వయసు మీదపడుతుంటే పై స్వరాలు వినపడటం తగ్గుతుంది. అరవయ్యో ఏట పదివేల హెర్ట్జ్ పైన చాలామందికి చెప్పుకోదగ్గంత వినపడదు. అప్పటికి ఈ స్పీకరు ఉండి ఏం లాభం? ఒక జవాబు సులువు. ఎదురుగా పాడే మనిషిని కూడా ఆ చెవితోనే వింటాం. అసలు గొంతుకు ఏ కోత పడుతుందో స్పీకరు గొంతుకూ అదే కోత పడాలి. అది ఇంకోలా ఉంటే ముసలి చెవి కూడా పట్టుకుంటుంది. ట్రెబుల్ పెంచి లోటు పూడ్చుకుందామనుకుంటే, ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్న మనుషుల గొంతులతో ఆ స్పీకరు సరిపోలదు. రెండో జవాబు అంత హాయిగా లేదు. టూల్ ప్రయోగాల్లో వినికిడి తగ్గినవారి తీర్పులు నిలకడగా లేవు, ఒకసారి ఇచ్చిన మార్కు మరోసారి మారింది. అంటే మంచి స్పీకరును అనుభవించే శక్తి కంటే, మంచిదేదో తేల్చే శక్తి ముందుగా పోతుంది. రిటైరయ్యాక తీరిగ్గా కొనుక్కుందాం అనుకునేవారికి నేను ఒద్దనే చెబుతాను. చెవి ఇంకా పదునుగా ఉన్న ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసులో, శ, ష, సలు విడిగా వినపడే రోజుల్లో, పిల్లలు హాల్లో ఆడుకుంటున్నా సరే, ఎంచుకోవలసింది అప్పుడే.